లిస్టు పద్యము: టీకా తాత్పర్యము

ఆ.వె.
ఏడు ముగియు వేళ నెన్నొ లిస్టులు పుట్టె
చూడనట్టి సినిమ చూడుమనుచు;
పదియు చూడకుండ పంచాయితీ పెట్టు
వాడె రసికుడయ్య వసుధలోన.

టీక: ఏడు ముగియు వేళన్ = సంవత్సరాంతమున. ఉగాదికి ముందరి ఫాల్గుణమని భ్రమపడరాదు. లిస్టుకర్తలకు డిసెంబరు మొదటివారముతోనే ఏడు చెల్లిపోవును. అందుచేత 2023 డిసెంబరు 22న విడుదలైన ‘సలార్’ వంటివి తొందరపాటు లిస్టులకు అందక, మరుసటి ఏటికి పాతవై, త్రిశంకుస్వర్గమున వ్రేలాడును. లిస్టులు పుట్టెన్ = పుట్టినవి. ఎవరడిగిరని ప్రశ్నింపరాదు.

చూడనట్టి సినిమన్ = ‘తరువాత చూతము’ అని దాచి మఱచినదానిని. ‘సినిమ’ అను హ్రస్వము ఛందస్సు కొఱకు. కవి ఒక మాత్ర తగ్గించెను. ‘పుష్ప 2’ వారు 3 గంటల 20 నిమిషములు చాలక మఱి 20 నిమిషములు కలిపి మరల వదలిరి. ఎవరి ఛందస్సు వారిది.

పదియున్ = పది చిత్రములను. ఇచట కొంత నిలువవలెను. 2024కు మొదటి స్థానము ‘కల్కి 2898 ఏడీ’దో ‘పుష్ప 2’దో అని చెప్పుటకు లిస్టుకర్త యేల? వాని మనసు తెలియునది పదవచోటనే. అచట ‘35 చిన్న కథ కాదు’ ఉన్నదనుకొందము. అందులో లెక్కలు రాని తిరుపతి పిల్లవాడు, విలువ లేని సున్న ఒకటి పక్కన చేరగానే తొమ్మిదికంటె ఎట్లు పెద్దదయ్యెనని అడుగును. ఆ ప్రశ్నను తెచ్చి పదవచోట కూర్చుండబెట్టినవాని లిస్టును క్రిందినుండి పైకి చదువవలెను.

చూడకుండన్ = చూడకయే. చూడనివాడు పంచాయితీ ఎట్లు పెట్టునని శంక. ‘లక్కీ భాస్కర్’ మూడవదా, ఏడవదా అని తగవులాడుటకు ట్రైలరు చాలునని సమాధానము. చూచినవాడు అప్పటికే నిద్రకు తూగుచుండును.

తాత్పర్యము: రసికుడు ఒకటి చూచి, తొమ్మిదింటిని గూర్చి వాదించుచుండగనే సంక్రాంతి సినిమాలు దిగును. 2025లో జనవరి 10న ‘గేమ్ ఛేంజర్’, 12న ‘డాకు మహారాజ్’, 14న ‘సంక్రాంతికి వస్తున్నాం’. తొమ్మిదియు మరల డిసెంబరు దాక ఆగును.

పాఠాంతరము: ‘వసుధలోన’ అనుచోట ‘వాట్సాపులోన’ అని కొన్ని ప్రతులలో నున్నది. గణములు చెడును, అర్థము మాత్రము బాగుపడును.