గంగాసాగర్ మావయ్య

కోల్‌కతాలో మీకు చుట్టాలుంటే, వాళ్లలో ఒక గంగాసాగర్ మావయ్య ఉండే తీరతాడు. మా వాడిది లేక్ మార్కెట్ పక్క వీధి. ఊరి నుంచి ఎవరు దిగినా, కాళ్లు కడుక్కోకముందే “సాగర్ చూశారా? చూళ్లేదూ! అయితే రేపే” అంటాడు. అన్ని తీర్థాలూ పలుమార్లు, గంగాసాగరం ఒక్కసారి అని ఉత్తరాదివాళ్ల సామెత. ఈయన పదకొండుసార్లు వెళ్లాడు. పుణ్యం ఎంత పోగైందో గాని, పెత్తనం మాత్రం దండిగా పోగైంది.

సాగర్ ఉన్న దీవికి వంతెన కడతారన్న మాట ఏళ్ల తరబడి వింటున్నదే. ఈలోగా కాకద్వీప్ దగ్గర లాట్ ఎయిట్ రేవులో వెసెల్ ఎక్కి, మురిగంగ దాటి కచుబేరియాలో దిగాలి. కపిలముని గుడి అక్కణ్ణించి మరో 30 కిలోమీటర్లు. చిక్కల్లా మురిగంగతోనే. ఒండ్రు మేటవేసి, ఆటు వేళ నీళ్లు చాలక వెసెల్ కదలదు. అక్కడ గడియారం కన్నా జోయార్, భాటాలదే రాజ్యం. మన పోటూ ఆటూ అన్నమాట.

ఈ లెక్క మావయ్యకి కంఠతా వచ్చు. పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు, అంచేత రోజుకి 50 నిమిషాలు వెనక్కి. ఇది వివరించడానికి మమ్మల్ని తెల్లవారుజామున 4 గంటలకి లేపి, వివరించడం పూర్తయ్యాక 9కి బయల్దేరదీశాడు. మధ్యలో గంటసేపు మంకీ టోపీ కోసం వెతుకులాట. బెంగాల్ ఆయనకిచ్చిన ఆస్తి అదొక్కటే.

పైగా పౌర్ణమి. స్నానానికి శ్రేష్ఠమని ఆయనే పెట్టిన ముహూర్తం. పౌర్ణమికి పోటు ఎంత పొంగుతుందో, ఆటుకి నీరు అంత కిందికీ దిగుతుంది. ఈ రెండో సగం ఆయన లెక్కలో లేదు.

రేవుకి చేరేసరికి ఎదురుగా బురద. వెసెల్ దాని మీద కూర్చుని విశ్రాంతి తీసుకుంటోంది. మావయ్య చలించలేదు.

“ఒరేయ్, అరవై వేలమంది సగరపుత్రుల కోసం భగీరథుడు ఎన్నేళ్లు తపస్సు చేశాడ్రా? మూడు గంటలకే గింజుకుంటారేం?”

భగీరథుడయ్యాక బంకించంద్రుడి ‘కపాలకుండల’ ఎత్తుకున్నాడు. 1866 నాటి నవల. సాగర్ నుంచి తిరిగొస్తూ నవకుమారుడు కట్టెల కోసం ఒడ్డెక్కుతాడు. ఇంతలో పోటొచ్చి, పడవ అతణ్ణి వదిలేసి పోతుంది.

“ఆ అబ్బాయికి కపాలకుండలైనా దొరికింది” అంది అత్తయ్య, పులిహోర డబ్బా మూత తీస్తూ. “నాకు మీరు దొరికారు.”

ఝాల్‌మురీ అమ్మే కుర్రాడు నీళ్లవైపు ఒక్క చూపు చూసి, ఇంకో అరగంట అన్నాడు. అరగంటకి వెసెల్ లేచింది. మావయ్యా లేచాడు, టోపీ సర్దుకుంటూ.

“చెప్పానా? సరిగ్గా టైముకే వచ్చాం.”

వెసెల్లో కాలు పెట్టామో లేదో, పక్కన ఎవరో శ్రీకాకుళం యాసలో మాట్లాడుకోవడం ఆయన చెవిన పడింది. మేం ఆపేలోపే వాళ్ల మధ్య కూర్చున్నాడు.

“మీకేం భయం లేదు. తిరుగు ప్రయాణం లెక్క నాకొదిలేయండి.”