ఎల్డరుగారు, సిస్టరుగారు

సంసారం ఈదిన గృహస్థుకు ధర్మశాస్త్రాలు విధించిన మూడో ఆశ్రమం వానప్రస్థం. ఇల్లు పిల్లలకు అప్పగించి, భార్యను వెంటబెట్టుకొని బయలుదేరమన్న ఆ విధిని మనదేశంలో ఎందరు పాటించారో తేల్చడం కష్టం గానీ, ఇంచుమించు అక్షరాలా పాటిస్తున్న ఒక జాతి మాత్రం అమెరికాలోని యూటా, ఐడహో వంటి పశ్చిమ రాష్ట్రాల్లో నేటికీ వర్ధిల్లుతున్నది. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన లేటర్ డే సెయింట్స్ చర్చిలో (వద్దని వారు ఎంత మొత్తుకున్నా లోకం వారిని మోర్మన్లనే అంటుంది) ఈ జాతిని సీనియర్ మిషనరీ దంపతులంటారు. తెల్లచొక్కాలు, టైలు వేసుకొని ఇద్దరిద్దరుగా వీధులు తిరిగే కుర్ర ప్రచారకులు ఆ చర్చికి లోకమెరిగిన గుర్తు కాగా, ఆ కుర్రాళ్ల తాతల ఈడువారు సైతం ఇల్లు అద్దెకిచ్చి, కారు కొడుక్కిచ్చి, ఆరునెలలకో ఏడాదికో ఏడాదిన్నరకో సుమారు రెండేళ్లకో పరదేశం వెళ్తారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. మనువు చెప్పిన జింకచర్మం స్థానంలో వీరు ధరించేది తెల్ల అక్షరాల నల్ల పేరుబిళ్ల.

చిక్కంతా ఆ బిళ్ల మీద ఉన్న బిరుదుతోనే మొదలవుతుంది. ఎల్డర్ అంటే పెద్ద అని అర్థం. అయితే పద్దెనిమిదేళ్లు నిండి మిషన్‌కు, అంటే చర్చి నియమించిన చోట చేసే ప్రచారసేవకు, బయలుదేరిన ప్రతి కుర్రవాడూ ఎల్డరే కనుక, మీసం సరిగా రాని ఎల్డరూ మోకాలిచిప్ప మార్పించుకున్న ఎల్డరూ ఒకే బల్ల మీద కూర్చొని ఒకరినొకరు గంభీరంగా ‘ఎల్డర్’ అని సంబోధించుకుంటారు. వీరిద్దరికీ పై అధికారి మిషన్ అధ్యక్షుడు. మూడేళ్లపాటు ఒక ప్రాంతంలోని మిషనరీలందరినీ నడిపించే ఈయన, ఒక్కొక్కచోట ముసలి ఎల్డరుగారి పెద్దకొడుకు వయసువాడై ఉంటాడు. ఇక స్త్రీలు, చిన్నా పెద్దా తేడా లేకుండా, అందరూ సిస్టర్లే. తెలుగు చెవికి సిస్టర్ అనగానే సూదిమందు ఇచ్చే నర్సో, కాన్వెంటులోని కన్యాస్త్రీయో స్ఫురించవలసిందే గాని భార్య స్ఫురించదు. కాని నలభై ఏళ్లు కాపురం చేసి, అరడజను మంది సంతానాన్ని పెంచిన ఇల్లాలిని నలుగురిలో సిస్టర్ ఫలానా అని ప్రస్తావించే భర్త ఇక్కడ వింతవాడు కాడు. పెనిమిటి పేరు నోట రాకూడదని జీవితమంతా ‘ఏమండీ’ దగ్గరే ఆగిపోయిన మన అమ్మమ్మలు బహుశా ఈ పద్ధతిని ఆక్షేపించరు.

వెళ్లాలనుకున్న దంపతులు బిషప్పును, అంటే తన ఉద్యోగం తాను చేసుకుంటూ జీతం లేకుండా స్థానిక సంఘాన్ని చూసుకునే వ్యక్తిని, కలిసి దరఖాస్తు నింపి, గుండె నుంచి పంటి వరకు వైద్యుల చేత పరీక్ష చేయించుకొని, ఫలానా దేశమైతే బాగుండునన్న కోరిక కూడా రాసుకోవచ్చు. అయితే ‘పిలుపు’ అనే నియామకపత్రం సాల్ట్ లేక్ సిటీ నుంచి ఏ దేశం పేరుతో వస్తే ఆ దేశమే తమ మనసులో ఉండినదని వారు ఆ క్షణం నుంచే నమ్మడం మొదలుపెడతారు. జీతం లేదు సరికదా, ఖర్చు కూడా సొంతమే. ఇంటి అద్దె వగైరా బరువై జనం వెనకాడుతున్నారని గ్రహించిన చర్చి, 2011లో వీరు భరించవలసిన వసతి ఖర్చుకు నెలకు 1,400 డాలర్ల హద్దు పెట్టింది. జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానన్నదట అనే సామెత ఎరిగిన ఏ తెలుగువాడికైనా ఎదురు డబ్బిచ్చి పనిచేసే ఈ మనుషుల మీద మొదట అనుమానం రావడం సహజమే. వీరి చేతికి అప్పగించే పనులు చూస్తే ఆ అనుమానం తీరి జాలి మొదలవుతుంది.

పశ్చిమాఫ్రికాలోని ఘనా రాజధాని అక్రాకు పిలుపందిన జంటను నమూనాగా తీసుకోవచ్చు. అక్కడి అధికారభాష ఇంగ్లీషు కనుక భాష నేర్చే బాధ లేదు. యూటాలోని ప్రోవో శిక్షణకేంద్రంలో సుమారు వారంరోజుల పాఠాలతో సరిపోతుంది. మిగిలిన శక్తియుక్తులన్నీ పెట్టెలు సర్దడం మీద వినియోగమవుతాయి. పరాయి గడ్డ మీద దొరకదేమోనన్న భయంతో సిస్టరుగారు వేరుశనగ ముద్ద సీసాలూ చాక్లెట్ పలుకుల పొట్లాలూ బట్టల మడతల మధ్య కుక్కి, బరువు తూచి, ఎల్డరుగారి రెండు చొక్కాలు తీసేసి మళ్లీ తూచి, చివరకు వేరుశనగ ముద్దతో పులుసు కాచుకొనే దేశానికి వేరుశనగ ముద్దను, ప్రపంచంలో కోకో పండించే దేశాల మొదటి వరుసలో ఉన్న దేశానికి చాక్లెట్‌ను క్షేమంగా చేరుస్తారు.

ఆత్మలను ఉద్ధరించడానికి సముద్రం దాటిన ఈ జంటకు తొలివారంలో అప్పగించే ముఖ్యబాధ్యత కుర్ర మిషనరీల అద్దె ఇళ్ల తనిఖీ. నలుగురు యువకులు కాపురముండే ఇంట్లో దోమతెరకు చిరుగుందా, నీళ్ల ఫిల్టరు కడిగి ఎన్నాళ్లయింది, ఫ్రిజ్ అడుగు అరలో ఉన్న వస్తువు ఒకప్పుడు ఏమై ఉండేది అన్నవి ఈ తనిఖీలో తేలవలసిన అంశాలు. ముందురోజే వర్తమానం అందిన కుర్రాళ్లు రాత్రంతా మేలుకొని చెత్తనంతా మంచాల కింద భద్రపరుస్తారని, ఆరుగురు పిల్లల తల్లికి ఆ భద్రస్థలం ముప్పై ఏళ్లుగా తెలిసినదేనని వేరుగా చెప్పనక్కరలేదు. ఎల్డరుగారు కుళాయి వాషరు మారుస్తుండగా సిస్టరుగారు ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకొని వంటింటి నుంచి బయటికి వచ్చి, ఒక్కమాట అనకుండా, సంచిలోంచి దాల్చినచెక్క పొడి చల్లిన తీపి రొట్టెలు తీసి బల్ల మీద పెడతారు. ఆ మౌనం తరువాత మూడువారాలు ఆ ఇల్లు అద్దంలా ఉంటుందట. మత ప్రచారంలో శిక్షణ పొందిన కుర్రాళ్లకు సైతం పశ్చాత్తాపమంటే ఏమిటో అనుభవానికి వచ్చేది అప్పుడే.

మిషనరీలకు ఉన్న నియమాల్లో కఠినమైనది జంటనియమం: తోడుగా నియమించిన వ్యక్తిని కనుచూపు దాటనీయకూడదు. కుర్రాళ్లకు ఇది కొత్తవాడితో పరీక్ష. వృద్ధ దంపతులకు పాతవాడితో. నలభై ఏళ్లు పొద్దున ఎనిమిదికి ఆఫీసుకు పోయి సాయంత్రం ఆరుకు తిరిగొచ్చిన మనిషి ఉన్నట్టుండి ఇరవైనాలుగు గంటలూ పక్కనే ఉండి, కూరగాయలు ఎలా తరగాలో సూచించడం మొదలుపెడితే ఏమవుతుందో, రిటైరైన భర్తలున్న ఇళ్లలో ఇల్లాళ్లను అడిగితే తెలుస్తుంది. అక్రా రోడ్ల మీద ఆయన తోలుతుంటే ఆవిడ ఊపిరి బిగబట్టి దారి చెబుతుంది. ట్రోట్రోలు, అంటే పక్కనుంచి కొట్టుకుంటూ పోయే అద్దె మినీబస్సులు, మన లారీల్లాగే వీపు మీద దేవుడి దయను గురించిన రాతలు మోస్తూ తిరుగుతాయి. వాటి వెనక పది నిమిషాలు నడిపాక ఆ రాతల్లోని అంతరార్థం బోధపడుతుంది.

ఆతిథ్యం మరో గండం. 1833 నాటి ఆరోగ్యనియమం ప్రకారం ఈ చర్చివారికి మద్యం, పొగాకులతోపాటు కాఫీ, తేయాకు టీ కూడా నిషిద్ధం. ఘనాలో వేడిగా తాగే పానీయం దేన్నయినా, చివరకు మైలో అనే మాల్టు-కోకో పానీయాన్ని కూడా, వాడుకలో టీ అనే అంటారు కనుక, ‘టీ పుచ్చుకుంటారా’ అన్న మర్యాదకు వీరు చేతులు జోడించి వద్దనడం, ఇంటావిడ చిన్నబుచ్చుకోవడం, నిషేధం లేని మైలో పొయ్యి మీద చల్లారిపోవడం ఒక నిత్యకృత్యం. భారతదేశంలో ఆ చర్చికి మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాల కూటమి, 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే గనుక, కాఫీ వద్దన్న అతిథిని ఏం చేయాలన్న సమస్య తెలుగు ఇళ్లకూ కొత్తది కాదు. అయితే తెలుగింట మజ్జిగ ఉంది. ఎడమచేత్తో ఏదీ ఇవ్వరాదన్న ఘనా మర్యాద మనకు నేర్పనక్కరలేనిది గాని, పుట్టుకతో ఎడమచేతివాటమైన ఎల్డరుగారికి రోజుకు నాలుగుసార్లు సిస్టరుగారి మోచేతి పోటు రూపంలో గుర్తుకువస్తుంది.

ఘనాలో అకాన్ భాష మాట్లాడేవారిలో పుట్టినవారాన్ని బట్టి పేరుపెట్టే ఆచారముంది. శుక్రవారం పుట్టిన మగవాడు కోఫీ, మంగళవారం పుట్టిన ఆడపిల్ల అబెనా. తెల్లవాడు ఏ వారం పుట్టినా సరే, క్వాసీ బ్రోనీ, ‘ఆదివారపు తెల్లవాడు’ అని పిలవడం కద్దు. వారమంతా ఫ్రిజ్‌లు, కుళాయిలు చూసుకొని ఆదివారం మాత్రమే ప్రార్థనకు కూర్చొనే ఎల్డరుగారికి ఇంతకన్న తగిన పేరు సాల్ట్ లేక్ సిటీ కూడా ఇవ్వలేదు.

ఈ జంటలను కేవలం నవ్వులాటకు తీసుకోవడం మాత్రం చరిత్రకు న్యాయం కాదు. నల్లజాతి పురుషులకు పౌరోహిత్యం నిషేధించిన తన కట్టడిని చర్చి 1978 జూన్‌లో తొలగించాక, ఆ ఏడాది చివర నైజీరియాకు, ఘనాకు పంపిన తొలి మిషనరీలు కుర్రాళ్లు కారు, మేబీ, కానన్ అనే రెండు పెద్దవయసు జంటలు. పాపం, సువార్తను వినిపించడానికి వెళ్లిన వారికి అక్కడ ఎదురైనది వినడానికి కాక నిలదీయడానికి సిద్ధంగా ఉన్న జనం: ఎవరూ పంపకుండానే పుస్తకాలు సంపాదించి చదువుకొని, 1960ల నుంచి జోసెఫ్ విలియం బిల్లీ జాన్సన్ వంటివారి నాయకత్వంలో సొంతంగా సంఘాలు పెట్టుకొని, రమ్మని ఏళ్లతరబడి ఉత్తరాలు రాసి విసిగినవారు. పిలుపు ఎవరిదో, పిలవబడినది ఎవరో అక్కడ తారుమారైంది.

సెలవురోజున వీరు చూసే చోట్లు దాదాపు నిర్ణీతం. అట్లాంటిక్ ఒడ్డున, బానిసలను ఓడలెక్కించిన కేప్ కోస్ట్ కోట నేలమాళిగల్లో ఎల్డరుగారు టోపీ తీసి చాలాసేపు నిలబడతారు. తిరుగుదారిలో కారులో మాట ఉండదు. అక్కడికి దగ్గరలోనే ఉన్న కాకుమ్ అడవిలో నేలకు 40 మీటర్ల ఎత్తున, చెట్టుకూ చెట్టుకూ మధ్య తాళ్లతో వేలాడే 350 మీటర్ల నడకవంతెన మీద మాత్రం మాటలకు లోటు లేదు. వెనక్కి తిరగడం కుదరదని మొదటి చెట్టు దగ్గరే గ్రహించిన ఎల్డరుగారికి, ముందు నడుస్తున్న సిస్టరుగారు చివరి చెట్టు దాకా ధైర్యం చెబుతూనే ఉంటారు.

ఇవన్నీ వారంవారం ఇంటికి రాసే లేఖకెక్కుతాయి. చర్చి పుట్టిన 1830లోనే చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీ నుంచి మిత్రుడికి రాసిన ఉత్తరాలు తెలుగులో గొప్ప యాత్రాగ్రంథమయ్యాయి. ఆయన బియ్యం ధర, బాట తీరు, బావినీటి రుచి రాశాడు. ఎల్డరుగారి లేఖలో ఆ చోటు బల్లిది: ప్రహరీ మీద ఎర్రతల బల్లి దండీలు తీస్తున్న ఫొటోలు వరుసగా ఐదు వారాలు వచ్చాక, ఆరోవారం మనుమలు తెరవడం మానేస్తారు. మన పెద్దలు ఆవకాయ జాడీలతో ఆరునెలల వీసా మీద అమెరికా వెళ్లేది మనుమలను ఎత్తుకోవడానికి; వీరు అదే అమెరికాలో మనుమలను వదిలి, ఫోను తెరలో వారి నెత్తి భాగం మాత్రమే చూసుకుంటూ, పరాయి తల్లుల బిడ్డలకు జ్వరమాత్రలు అందిస్తుంటారు. ఆ బిడ్డల తల్లులు ఎవరికీ తెలియకుండా ఫోను చేసి ‘మావాడు తింటున్నాడా’ అని అడిగేది మాత్రం సిస్టరుగారినే.

గడువు తీరి ఇల్లు చేరిన రోజున స్టేక్ అధ్యక్షుడు సేవనుంచి విడుదల చేసి, పేరుబిళ్లలు తీసేయమంటాడు. ఎల్డరుగారు ఆ క్షణం నుంచి మళ్లీ వట్టి తాతగారు; ఘనా దర్జీ కుట్టిన పెద్దపూల చొక్కా ఒక్కటే ఆనవాలు. తరువాతి ఆదివారం భోజనానికి పెద్దకొడుకు ఇంటికి వెళ్లినప్పుడు, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లిన తల్లి ఫ్రిజ్ తలుపు తీసి, వంగి, అడుగు అర వైపు కొంచెం ఎక్కువసేపు చూస్తుంది. నలభై ఏళ్ల కొడుకు గుమ్మంలో నిటారుగా నిలబడిపోతాడు.