పాయింట్లకూ గిట్టుబాటు ధర కావాలి

నాకు అరవై వేల పాయింట్లున్నాయి. ఇంట్లో లేవు, బ్యాంకులో లేవు, కోల్డ్ స్టోరేజీలో అంతకన్నా లేవు. ఒక పెద్ద హోటళ్ళ కంపెనీ కంప్యూటర్లో నా పేరుకు ఎదురుగా అంకెలై కూర్చున్నాయి. కంపెనీ పేరు రాయను. రాస్తే ఉన్నవి కూడా ఊడతాయేమోనని భయం. ఈ ఆస్తి చేతికొచ్చిన నాటినుంచి డిచ్‌పల్లిలో ఒక గృహస్థుకు కంటినిండా కునుకు ఎందుకు కరువైందో పెద్దల ముందు మనవి చేసుకుంటున్నాను. నిద్రలోంచి పుట్టిన ఆస్తి, నా నిద్రకే ఎసరు పెట్టింది.

దాని పుట్టుక చెబుతాను. మా అబ్బాయికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రాజెక్టు పేరుతో పుణె అంటారు, గుర్‌గావ్ అంటారు, ఒక్కోసారి అమెరికా అంటారు. హోటలు బిల్లు ఆఫీసు కడుతుంది. పాయింట్లు మాత్రం పడుకున్నవాడి ఖాతాలో పడతాయి. నేనూ సర్కారు కొలువు చేసి రిటైరైనవాణ్ణే. ఆఫీసులో కునుకు తీసినవాళ్ళకు మా కాలంలో మెమోలు వచ్చేవి, పాయింట్లు రాలేదు.

మొన్న వాడు ఫోన్ చేశాడు. "బాపూ, పాయింట్లన్నీ నీ పేరు మీదికి మార్చిన. గోవాల సముద్రం పక్కన మంచి రిసార్టున్నది. అమ్మను తీస్కొని పోయి రా. జల్ది చేయి, ఉంచుకుంటే మురిగిపోతయ్."

మా ఇంటామె పక్కనే ఉండి అంతా విన్నది. "పండుకోనీకి గంత దూరం పోవాల్నా? ఇంట్ల నిద్ర రాదా?" అంది. నిజానికి ఈ వ్యవహారం మీద ఇంతకు మించిన విమర్శ నేను ఇంకెక్కడా వినలేదు. కానీ "మురిగిపోతయ్" అన్న మాట నా చెవిలో పడిపోయింది. అది పడ్డాక ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

ఎందుకంటే నాకు ఆర్మూరు దారిలో కొద్దిగా పసుపు భూమి ఉంది. పసుపు పండించేవాడికి బతుకంతా ఒకటే ప్రశ్న: ఇప్పుడు అమ్మాలా, ఆపాలా? జూన్‌లో పెట్టి, ఎనిమిది తొమ్మిది నెలలు కాపలా కాసి, తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసి, డ్రమ్ములో పాలిష్ పట్టి, కాడి వేరు, గోళ వేరు చేసి నిజామాబాదు యార్డుకు తోలితే, ఆ రోజు పలికిన ధరే మన నుదుటి రాత. 2010లో క్వింటాలు 15 వేలు దాటింది. ఇంకా పెరుగుతుందని బస్తాలు ఆపినవాళ్ళు ఆ తర్వాత రెండేళ్ళలోపే నాలుగైదు వేలకు దించుకున్నారు. 2024 మార్చిలో మళ్ళీ 18 వేల దాకా ఎగబాకింది. అప్పటికే పసుపు మానేసి మొక్కజొన్నకు దిగినవాళ్ళు ఆ సంగతి పేపర్లో చదువుకున్నారు.

ఇలాంటి చోట పుట్టి పెరిగినవాడికి పాయింట్లు ఇచ్చి ఖర్చు పెట్టమంటే ఏం చేస్తాడు? ముందు ధర చూస్తాడు. చూశాను. ఆగస్టులో ఆ గోవా గది రాత్రికి 30 వేల పాయింట్లు. ఎందుకైనా మంచిదని ఇంకో రెండు రోజులాగి చూస్తే 36 వేలు. డిసెంబరు చివరి వారానికి అడిగితే 80 వేలు. అదే గది, అదే మంచం, కిటికీలో అదే సముద్రం. ఉప్పు కూడా పెరిగి ఉండదు. యార్డులో తేమ ఎక్కువుందని కోత పెడితే, పెట్టిన మనిషి ఎదురుగా ఉంటాడు. రెండు మాటలనుకుంటే మనకూ కొంత తృప్తి. తూకమయ్యాక తక్‌పట్టీ అని ఒక కాగితమైనా చేతికిస్తారు. ఇక్కడ ఎవర్ని అనాలి? హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "ధరలు గిరాకీని బట్టి మారుతుంటాయి సార్" అంది. ఆ ముక్క మా తాతకు కూడా తెలుసమ్మా అన్నాను. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది.

ఊరికే తిట్టడం న్యాయం కాదని చరిత్ర కూడా తిరగేశాను. అమెరికాలో 1896లోనే స్పెర్రీ అండ్ హచిన్సన్ అనే సంస్థ దుకాణాల్లో సరుకు కొన్నవాళ్ళకు ఆకుపచ్చ స్టాంపులు ఇప్పించేది. వాటిని పుస్తకంలో అంటించి, నిండాక ఇస్తే సామాను వచ్చేది. 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణించిన మైళ్ళకు లెక్క కట్టడం మొదలుపెట్టింది. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు అదే దారి పట్టాయి. హోటళ్ళ తరగతులకు ఇన్నేసి పాయింట్లని అచ్చు పట్టిక ఉండే కాలమొకటి గడిచింది. చూసుకుని ఆశ పెట్టుకోవడానికి వీలుండేది. హిల్టన్ వారు 2017లో, మారియట్ వారు 2022లో ఆ పట్టికలు తీసేశారు. హయాత్ వారు మాత్రం పట్టిక పద్ధతి వదల్లేదు. మన టాటా వాళ్ళ న్యూకాయిన్ ఒకటి అంటే ఒక రూపాయి, పేచీ లేదు. ఫ్రాన్సు కంపెనీ అకార్ వాళ్ళ దగ్గర 2,000 పాయింట్లు చూపిస్తే బిల్లులో 40 యూరోలు తగ్గుతాయి. అంటే పాయింటుకు ధర కట్టడం మనుషుల చేత కాని పనేమీ కాదన్నమాట.

చరిత్రలో నన్ను అన్నిటికన్నా మండించిన సంగతి వేరే ఉంది. మనం వాడని పాయింట్లు కంపెనీ పద్దుల్లో బాకీ కింద ఉంటాయట. ఇందులో ఇంతమంది ఎలాగూ వాడరని ముందే అంచనా కట్టి, ఆ మేరకు మెల్లమెల్లగా రాబడిలో కలుపుకుంటారట. ఇది లెక్కల శాస్త్రం ఒప్పుకున్న పద్ధతే. కాబట్టి నేను ఇక్కడ మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ మీనమేషాలు లెక్కపెడుతున్నంతసేపూ ఎక్కడో ఒక అకౌంటెంటు హాయిగా ఉంటాడు. నా సందేహమే ఆయనకు లాభం.

మా అబ్బాయి దగ్గర ఒక సూత్రం ఉంది. గది అసలు ధరను పాయింట్లతో భాగించాలట. రిసార్టు గది 15,000 రూపాయలు. 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం కనుక మొత్తం 17,700. దాన్ని 30 వేల పాయింట్లతో భాగిస్తే పాయింటుకు 59 పైసలు. అదే కంపెనీ హైదరాబాదు హోటల్లో గది 7,000. 7,500 లోపు గదికి పన్ను 5 శాతమే కాబట్టి 7,350. దానికి అడిగేది 10 వేల పాయింట్లు. అంటే 73 పైసల పైన. "లెక్క ప్రకారం హైదరాబాదే లాభం బాపూ" అన్నాడు.

లెక్క బాగానే ఉంది. కానీ హైదరాబాదులో, కూకట్‌పల్లిలో, మా బామ్మర్ది ఉన్నాడు. అతనికి తెలియకుండా ఆ ఊళ్ళో హోటల్లో దిగడం అసాధ్యం. తెలిసి దిగడం అంతకన్నా అసాధ్యం. "ఏం బావా, మేం చచ్చినమా?" అని ఒక్క మాట అంటాడు. ఆ మాట మా ఇంటామె నోట ఎన్నేళ్ళు నానుతుందో ఏ కంపెనీ పట్టికలోనూ లేదు.

పైగా ఆ సూత్రంలోనే కిటుకు ఉంది. గది విలువ 17,700 అన్నది ఎవరు? వాళ్ళే. నా అంతట నేను జేబులోంచి తీసి ఒక్క రాత్రి పడకకు అంత డబ్బు పెడతానా? తిరుమల కొండ మీద దేవస్థానం వారి 50 రూపాయల గదిలో సుఖంగా పడుకుని సుప్రభాతానికి లేచే వంశం మాది. మహా అయితే రెండు వేలు పెడతాను. ఆ లెక్కన నా పాయింటు ఏడు పైసలు కూడా చేయదు. అబ్బాయికి ఈ లెక్క చెబితే చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందనుకున్నాను.

తిరుమల మాట రాగానే మా ఇంటామె అందుకుంది. "గా పాయింట్లు కొండ మీద చెల్లుతయా అడుగు" అంది. చెల్లవు. నిజామాబాదులో రాయలసీమ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా తిరుపతిలో దిగుతాం, దానిక్కూడా చెల్లవు. అలీసాగర్‌లో నిజాం కాలపు విడిది బంగళా ఉంది, తోట ఉంది, చెరువు గాలి ఉంది, అక్కడా చెల్లవు. మా ఊరి ఖిల్లా రామాలయం గుట్ట మీదే ఉంది. ఇందూరు ఖజురహో అని దూరదూరాలనుంచి వచ్చి ఆ రాతి బొమ్మలు చూసి నోళ్ళు తెరుస్తారు. మెట్లెక్కే ఓపిక తప్ప మరేమీ అడగరు. మనిషికి నిజంగా పోవాలనిపించే చోట్లన్నిటిలోనూ పాయింట్లు చెల్లకపోవడం యాదృచ్ఛికమని నేను నమ్మను.

ఇక ఉచితం సంగతి. గది ఉచితం. గోవా ఉచితం కాదు. హైదరాబాదు దాకా బస్సు, అక్కడినుంచి ఇద్దరికి రానూపోనూ విమానం, దిగాక రిసార్టుకు ట్యాక్సీ, అన్నీ కలిపితే పాతిక వేలకు తక్కువ తేలడం లేదు. తిండి అందులో చేరలేదు. రిసార్టు వారి భోజనాల ధరలు అబ్బాయి ఫోన్లో చూపిస్తే మా ఇంటామె కళ్ళద్దాలు తుడుచుకుని మరోసారి చదివింది. ఆ కాఫీ ధరకు అంకాపూర్ వెళ్ళి నాటుకోడి కూరకు బయానా ఇచ్చి రావచ్చు. పచ్చళ్ళు, సకినాలు పట్టుకుపోదామంది. బయటి తిండి లోపలికి రానివ్వరట. పెట్టెలో చీరల మధ్య పెడితే ఎవరు చూస్తారని ఆమె వాదన. ఈ అంశం ఇంకా విచారణలో ఉంది.

నాలుగు రాత్రులకు పాయింట్లు కడితే అయిదో రాత్రి ఊరికే ఇచ్చే పద్ధతి కూడా కొన్ని కంపెనీల్లో ఉంది. దాని జోలికి నేను పోను. అయిదు రోజులు ఇల్లు తాళం వేస్తే బర్రెకు మేత ఎవరు వేస్తారు?

ఎప్పుడు వెళ్ళాలన్నది మరో తంటా. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, మార్కెట్టు. సరిగ్గా అప్పుడే గోవాలో గిరాకీ. జూన్‌లో విత్తనం పెట్టే వేళ నుంచి అక్కడ వానలు, ధరలు దిగుతాయి. అలలు పోటెత్తుతాయని తీరంలో ఎర్రజెండాలు పాతుతారు, నీళ్ళలోకి దిగనివ్వరు. మేము ఎలాగూ దిగేవాళ్ళం కాదు. చూడటానికి జెండా అడ్డం రాదు.

సాయంత్రాలు మాతో కూర్చునే వాళ్ళలో దుబాయి వెళ్ళొచ్చినతను ఒకడున్నాడు. మా జిల్లాలో గల్ఫ్ చూడని వాడ అరుదు. అందరూ తలా ఒక సలహా పారేస్తుంటే అతను మాత్రం అన్నీ విని చివర్న అన్నాడు: "అన్నా, నేను గసొంటి గదులల్లనే దుప్పట్లు మార్చిన. ఒక్క రాత్రి కిరాయి నా నెల జీతంల సగముండె. ఒక్కనాడు గూడ ఆ మంచం మీద కూసోలే, కూసుంటే నౌకరి పోతది. నువ్వు పోయి పండుకొని రా. ఎట్లుంటదో నాకు చెప్పు."

దాంతో 59 పైసలు, 73 పైసలు, 7 పైసలు అన్నీ ఒక్కసారే పక్కకు పోయాయి. ఆ రాత్రే ధర మళ్ళీ చూస్తే ఆగస్టుకు 30 వేలు చూపిస్తోంది. ఆపితే తగ్గుతుందేమోనని చెయ్యి ఒకసారి వెనక్కి వచ్చిన మాట దాచను. "మీ పసుపోళ్ళ బుద్ధి పోనియ్యరు. నొక్కుండ్రి" అంది మా ఇంటామె. నొక్కాను. రెండు రాత్రులు, అరవై వేల పాయింట్లు, ఖాతాలో సున్నా. ఆ సున్నా చూశాక నాకు నిద్ర పట్టింది.

అయినా నా ఫిర్యాదు అలాగే ఉంది. పసుపుకు ఈ దేశంలో మద్దతు ధర లేదు. అది కావాలని, పసుపు బోర్డు కావాలని 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు స్థానానికి 178 మంది రైతులు నిలబడ్డారు. బరిలో మొత్తం 185 మంది. ఆ పేర్లన్నీ పట్టే ఓటింగ్ యంత్రాలు తేవడానికి ఎన్నికల సంఘం తల పట్టుకుంది. బోర్డు 2025 సంక్రాంతినాడు మొదలైంది, మద్దతు ధర ఇంకా రాలేదు. మా జిల్లా ఓపిక ఎంతటిదో, ఓపిక నశిస్తే ఏం చేస్తుందో హోటళ్ళ కంపెనీల వారు దీన్నిబట్టి గ్రహించాలి. పాయింటుకు ఒక ధర కట్టండి. కట్టలేకపోతే, పెంచబోయే ముందు ఒక పంటకాలమైనా గడువిచ్చి చెప్పండి. అదీ కాదంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద, రైలు స్టేషను, యూనివర్సిటీ ఉన్న మా డిచ్‌పల్లిలో ఒక హోటలు కట్టండి. పాతిక వేలు దారిఖర్చు మిగులుతుంది, బర్రెకు మేత కూడా నేనే వేసుకుంటాను.

బుకింగు రద్దు చేసుకోవడానికి ఇంకా గడువుంది, కానీ రద్దు చేయను. ఇందూరు జిల్లా వారెవరైనా గోవాలో మెస్సు నడుపుతుంటే మాత్రం దయచేసి చిరునామా తెలపగలరు.