సెక్షన్ 52, మా ఆవిడ

కెమెరా కొనేటప్పుడు మా ఆవిడకు ధీమాగా చెప్పాను: కట్టడాల ఫొటోలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను, దీని ఖరీదు ఇదే సంపాదిస్తుంది అని. ఎంతకూ పైసా రాకపోయేసరికి నెపం చట్టం మీదికి నెట్టాను. "ఊరికే భవనాల ఫొటోలు అమ్మితే కేసులవుతాయి, అందుకే ఆగాను" అన్నాను. గొంతులో గాంభీర్యం బాగానే పలికింది.

ఆవిడ పప్పు తాలింపు పెడుతూనే ఫోన్‌లో చట్టం తీసింది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం, సెక్షన్ 52. కట్టడాన్ని ఫొటో తీసినా, బొమ్మ గీసినా, ప్రచురించినా ఉల్లంఘన కాదట. "మరి చార్మినార్‌కు ఏమొచ్చిందండీ? 1591లో కట్టించినాయన వచ్చి అడుగుతాడా?" అంది.

పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే అనుమతి కావాలన్నాను. మా ట్రైపాడ్ మీద ఆవిడే తువ్వాళ్లు ఆరేస్తోంది కాబట్టి ఆ వాదన నిలవలేదు.

ఇక పారిస్‌కు పారిపోయాను, మాటల్లోనే. ఈఫిల్ టవర్ 1889 నాటిది, ఈఫిల్ 1923లో పోయాడు, హక్కుల గడువు ఎప్పుడో తీరింది, కాబట్టి పగటి ఫొటో ఎవరైనా అమ్ముకోవచ్చు. దీపాలంకరణ మాత్రం 1985 నాటిది, దానికి హక్కులున్నాయి; రాత్రి ఫొటోతో వ్యాపారం చేయాలంటే అనుమతి తీసుకోవాల్సిందేనంటారు నిర్వాహకులు. "మీకు పాస్‌పోర్టే లేదు కదండీ" అంది.

ముంబై తాజ్ హోటల్‌ను ముందుకు తెచ్చాను. ఆ భవనం రూపాన్నే 2017లో ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నారు, ఇది నిజం. "అక్కడ మీరు తీసింది నన్ను. హోటల్ పడనే లేదు. నా తలా సగమే పడింది."

ఫొటోలు అమ్మిపెట్టే సంస్థలది చట్టాన్ని మించిన చాదస్తం. ప్రైవేటు భవనం గుర్తుపట్టేలా ఉంటే చాలాచోట్ల యజమాని సంతకం అడుగుతారు. ఇదే నా బ్రహ్మాస్త్రం. తీరా ఆవిడ నా మెయిల్ తెరిపించింది. తిరస్కరించిన ఏ ఉత్తరంలోనూ సంతకం ఊసు లేదు. ఫోకస్ లేదని ఉంది. ఒకదాంట్లో అయితే భవనం ఒరిగిందని కూడా ఉంది. పాపం, భవనం నిటారుగానే ఉంది.

మొన్న మేడమీద వాటా ఖాళీ అయితే ఆవిడే ఫోన్‌తో మా ఇంటిని ఫొటో తీసి, టులెట్ అని వాట్సాప్‌లో పెట్టింది. మర్నాడే అద్దెకు కుదిరారు, అడ్వాన్సూ చేతికిచ్చారు. కట్టడం ఫొటో వల్ల మా ఇంటికి వచ్చిన డబ్బు ఇప్పటికి అదొక్కటే.