పచ్చ వరుసల పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: యాసంగి వడ్లు తూకమై, రైతులకు పైసలు పడే రోజులనుకోండి. తొర్రూరులో ఒక ఆపరేటరు ముందు ఎక్సెల్ షీటు ఉంది. అందులో పైసలు పడ్డ పేర్లన్నిటికీ పసుపు రంగు. "తమ్మీ, పచ్చగున్నయన్ని తీసెయ్. పడనోళ్లే మిగలాలె" అని సారు ఆజ్ఞ. ఒక్కొక్కటే తీస్తే తెల్లారుతుంది కనుక మాక్రో రాయాలి. అటు పోతన బమ్మెర, ఇటు సోమనాథుని పాలకుర్తి ఇరుగుపొరుగైన చోట మాక్రోకైనా ఒక పద్యం ఉండాలి గదా. ఇదిగో ఆటవెలది.

మూలం:

కింది నుండి పైకి కిటుకుగా నెక్కుచు
పచ్చ పూత గన్న పట్టి చంపు
పైన మొదలు పెట్ట పక్కది మిగులును
లెక్క తప్పు గాదె లేఖకయ్య

ప్రతిపదార్థం: లేఖకయ్య = ఓ ఆపరేటరూ; కింది నుండి పైకి = చిట్టచివరి వరుస మొదలు రెండవ వరుస దాకా (మొదటిది తలకట్టు, దాని జోలికి పోరాదు); కిటుకుగాన్ = 'స్టెప్ మైనస్ వన్' అను ఉపాయముతో; ఎక్కుచు = ఒక్కొక్క మెట్టే పోవుచు; పచ్చ పూతన్ = గడిలో నింపిన పసుపును; కన్నన్ = చూసినచో; పట్టి చంపు = ఆ వరుసను డిలీట్ చేయుము; పైన మొదలు పెట్టన్ = పైనుండి దిగినచో; పక్కది = చచ్చినదాని కిందనే ఉన్న పచ్చ వరుస; మిగులును = తప్పించుకొనును; లెక్క తప్పు కాదె = లెక్క తప్పిపోదా?

తాత్పర్యం: ఐదో వరుసను తీస్తే ఆరోది జరిగి ఐదోది అవుతుంది. మాక్రో అది చూడక ఆరుకు పోతుంది. జరిగి వచ్చినది పచ్చదైనా బతికిపోతుంది. కిందినుంచి ఎక్కితే జరిగేవన్నీ ముందే చూసినవి, కనుక ఏదీ తప్పిపోదు. తొర్రూరు వారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. 2016 అక్టోబరు 11న ఊరు వరంగల్ జిల్లా జాబితా నుంచి మహబూబాబాద్ జాబితాలోకి జరిగింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, మారింది వరుసే.

విశేషాలు: 'పచ్చ' అనగా ఆకుపచ్చయా, పసుపుపచ్చయా అని పూర్వపక్షం. మనకు పచ్చని చేనూ ఉంది, పచ్చని గడపా ఉంది. సందర్భమే అర్థం చెబుతుంది. మాక్రోకు సందర్భం లేదు, సంఖ్యే ఉంది. నిండు పసుపు 65535, నిండు ఆకుపచ్చ 65280. ఒకరు నిండు పసుపూ మరొకరు లేత పసుపూ అద్దితే మన కంటికి రెండూ పచ్చే. మాక్రోకు రెండోది పరాయి రంగు.

'పూత' అనుటలో స్వారస్యముంది. 'ఇంటీరియర్ కలర్' అని అడిగితే చేత్తో అద్దిన రంగే తెలుస్తుంది. కండిషనల్ ఫార్మాటింగు పుట్టించిన రంగు తాడు మీది పాము వంటిది: కనబడుతుంది, పట్టబోతే లేదు. దాన్ని చూపే 'డిస్‌ప్లే ఫార్మాట్' అనే అంజనం ఎక్సెల్‌కు 2010లో వచ్చింది.

'తీయు' అనక 'చంపు' అనుట మిక్కిలి ఉచితం. మాక్రో షీటును మార్చిందంటే, దానికి కంట్రోల్ జెడ్ పనిచేయదు. చచ్చిన వరుస మళ్లీ లేవదు. కాబట్టి ముందు షీటుకు నకలు, తర్వాతే వధ.

రంగును బట్టి ఫిల్టర్ చేసే వీలు 2007 నుంచి ఉండగా మాక్రో ఎందుకని కొందరందురు. ఒక్కనాటి పనికి వారి మాటే సిద్ధాంతం. రోజూ చేసే పనికి మాత్రం పద్యమే శరణ్యం.

చివరి మాట: మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మెదక్ సీమ మల్లినాథసూరి టీకాకారులకు నియమం పెట్టిపోయాడు. షీటులో పేరు, ఖాతా, బస్తాల లెక్క మూలం. రంగు ఎవరో అద్దిన టీక. ఎవరు అద్దారో, ఎందుకు అద్దారో రంగు చెప్పదు. టీకను నమ్మి మూలాన్ని చెరిపేస్తే, నష్టం ఆపరేటరుకు కాదు, వడ్లమ్మిన రైతుకు. కనుక లేఖకయ్యా, పక్కన ఒక కాలమ్ పెట్టి 'పడ్డయి', 'పడలే' అని అక్షరాల్లో రాయి. రంగు ఆ తర్వాత వేసుకో.