పదిహేనో బిట్

ప్రాసెసర్ ఎంత కరెంటు తాగొచ్చో దానికీ ఓ హద్దుంటుంది. ఇంటెల్ చిప్‌లలో నిలకడగా నడిచేటప్పటి హద్దు పీఎల్1, కాసేపు ఉరికేటప్పటిది పీఎల్2. రెండూ ఒకే రిజిస్టర్‌లో ఉంటాయి. దాన్ని చదివి వాట్లలో చూపించే చిన్న టూల్‌కి కోడ్ రాశాడు మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. రివ్యూ మా లీడ్‌ది. ఆయన చేతిలో పడ్డ కోడ్ ఒక్క కామెంటూ లేకుండా తిరిగొచ్చిన దాఖలా లేదు.

సాయంత్రం ఏడింటికి, క్యాబ్ ఎక్కడానికి బ్యాగు సర్దుకుంటున్నవాణ్ణి కేకేశాడు.

"ఇదేంటి బాబూ, పీఎల్2 4095.875 వాట్లా? మా ఇంట్లో గీజరే 2000. ఇది సీపీయూనా, రెండు గీజర్లా?"

"కోడ్ కరెక్టే అన్నా. హద్దు రాసుకోవడానికి పదిహేను బిట్లున్నాయి. మదర్‌బోర్డు వాళ్లు అన్నిట్లోనూ ఒకట్లు నింపేశారు. 32767ని ఎనిమిదితో భాగిస్తే వచ్చేది అదే."

ఎనిమిదితో ఎందుకంటే, అక్కడ లెక్క వాట్లలో ఉండదు, వాటులో ఎనిమిదో వంతుల్లో ఉంటుంది. ఆ వంతు ఎంతో చెప్పే రిజిస్టర్ వేరే ఉంది. కుర్రాడు దాన్నీ వదల్లేదు. బెంచ్‌మార్కుల్లో తమ బోర్డే ముందుండాలని తయారీదార్లు హద్దును ఇలా ఆకాశానికెత్తేయడం మామూలే. 2024లో 13, 14 తరాల చిప్‌లు క్రాష్ అవుతున్నాయని గోల లేచాక గానీ, మా డిఫాల్ట్ సెట్టింగులే పెట్టండని ఇంటెల్ బోర్డుల వాళ్లకి గట్టిగా చెప్పలేదు.

లీడ్ తగ్గలేదు. ఇంకో మెషీన్ లాగ్ తీశాడు. పీఎల్1: 125 వాట్లు. రిజిస్టర్‌లో 1000 ఉంది, లెక్క సరిపోయింది.

"పదిహేనో బిట్ చూశావా?"

చూళ్లేదు. బిట్ల లెక్క సున్నాతో మొదలవుతుంది. సున్నా నుంచి పద్నాలుగు దాకా ఉండేది హద్దు. అది అమల్లో ఉందో లేదో చెప్పేది పదిహేనోది. ఆ మెషీన్‌లో అది సున్నా. అంటే 125 అని రాసైతే ఉంది, పట్టించుకునే నాథుడే లేడు.

దొరికిన తప్పు అసలైనదే, ఆయన కన్ను గొప్పదే. అక్కడితో ఆగితే ఆయన లీడెందుకవుతాడు? కామెంటు పెట్టాడు: "అమల్లో లేని హద్దుని అంకె వేసి చూపించడం యూజర్‌ని మోసం చేయడమే. ఏ హద్దు చూపించినా, అది అమల్లో ఉందో లేదో పక్కనే రాసి తీరాలి. పొద్దున్నే రిలీజ్. రాత్రికే మార్చిపెట్టు."

క్యాబ్ వెళ్లిపోయింది.

మార్చిన కోడ్ తెల్లవారుజామున 2:50కి వచ్చింది. బిట్ చెక్ పెట్టాడు, దానికో టెస్టూ రాశాడు. అడుగున, అవుట్‌పుట్ ఎలా కనిపిస్తుందో చూపించడానికి రెండు లైన్లు అతికించాడు:

పీఎల్1: 125 వాట్లు (అమల్లో లేదు)
పనివేళలు: రోజుకు 9 గంటలు (అమల్లో లేదు)

తొమ్మిదింటికి లీడ్ నుంచి జవాబొచ్చింది: "మొదటి లైన్ ఓకే. రెండోది తీసెయ్. యూజర్‌కి అన్నీ చూపించాల్సిన పనిలేదు."