బండి పక్క శాసనం: టీకా తాత్పర్య సహితం

మూలం:
యు.ఎల్.డబ్ల్యూ. 1700 కి. । జి.వి.డబ్ల్యూ. 3200 కి. ॥

అవతారిక. సరుకు మోసే ప్రతి బండికీ పక్కన పెయింటరు చేతిరాతలో ఉండే శాసనం ఇది. బండిని బట్టి అంకెలు మారతాయి గాని ఛందస్సు మారదు. పై పాఠంలోని అంకెలు టీక కోసం కల్పించుకున్నవి. అమలాపురం గడియారస్తంభం దగ్గర, రాజోలు సెంటర్లో, కొత్తపేట రోడ్డు మీద ఈ శాసనం రోజంతా కళ్ల ముందు తిరుగుతున్నా చదివేవాడు బ్రేకినస్పెక్టరు ఒక్కడే. ఆయన చదువు కూడా కాటా చీటీ కోసమే తప్ప రసాస్వాదన కోసం కాదు. అందుకే దీనికి ఇంతవరకు వ్యాఖ్యాత పుట్టలేదు. ఇప్పుడా అవసరం పడింది. పికప్పు తొట్టిలోకి జరిపి బిగించుకుని, అక్కర్లేనప్పుడు జాకీల మీద లేపి పెరట్లో నిలబెట్టుకునే పెట్టిల్లు అమెరికాలో, ఆస్ట్రేలియాలో పాత సంగతే. ఆ మోజు మనవాళ్లలో ఎవరికి పుట్టినా మొదట వేసే ప్రశ్న ‘ఏ బండి కొనాలి?’ అన్నదే. శాస్త్రదృష్టిలో ఆ ప్రశ్న తలకిందులైంది. ముందు తేల్చాల్సింది పెట్టె, ఆ తర్వాతే బండి. బండిని తేల్చేది హార్స్‌పవరూ కాదు, ముందు గ్రిల్లూ కాదు, మూలంలోని రెండంకెల మధ్య తేడా. ఇదీ సిద్ధాంతం. మూలం దాటి మాట్లాడకూడదని మల్లినాథసూరి పెట్టుకున్న నియమం ఈ టీకకూ వర్తిస్తుంది, వీలైనంత వరకు.

ప్రతిపదార్థం. యు.ఎల్.డబ్ల్యూ. అంటే ఖాళీ బండి బరువు. జి.వి.డబ్ల్యూ. అంటే అన్నీ ఎక్కాక ఆ బండి చట్టప్రకారం తూగదగిన గరిష్ఠ బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 1,500 కిలోలు. ఇక్కడే పాఠకులు బోల్తా పడతారు, ఎందుకంటే మూలంలో చాలా పదాలు లోపించాయి, వాటిని అధ్యాహారం చేసుకోవాలి. ఖాళీ బండి బరువులో డ్రైవరు బరువూ అటెండరు బరువూ కలవవని మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోనే ఉంది. అంటే స్టీరింగు పట్టుకున్న యజమాని కూడా వ్యాకరణరీత్యా సరుకే. ఆయన పక్కన ఇల్లాలు సరుకు, పిల్లలు సరుకు, ఆవకాయ జాడీ సరుకు. నీళ్లు అన్నిటికన్నా మోసకారి సరుకు, లీటరుకు కిలో చొప్పున నిశ్శబ్దంగా ఎక్కి కూర్చుంటాయి.

లెక్క కట్టి చూద్దాం. తొమ్మిదడుగుల పొడవు, అయిదున్నర వెడల్పు, ఆరుంపావు ఎత్తు ఉన్న పెట్టెకు ఆరు వైపులా కలిపి 280 చదరపుటడుగులు, అంటే 26 చదరపు మీటర్లు. మిల్లీమీటరు మందం ఇనప రేకు చదరపు మీటరుకు దాదాపు 8 కిలోలు తూగుతుంది కాబట్టి ఒక్క రేకే 200 కిలోలు దాటింది. చట్రానికి 150 వేసుకుందాం. లోపల మంచాలకూ అరలకూ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు ఎనిమిది బై నాలుగు షీట్లు ఆరు కావాలంటే మరో 190. రెండు వందల లీటర్ల నీటి ట్యాంకుకు 200, ఇన్వర్టరు బ్యాటరీకి 55, నిండు గ్యాస్ బండకు 30. ఇంకా మనిషెక్కలేదు, అప్పుడే 825 అయింది. నలుగురు మనుషులకు 260, పరుపులు, ఫ్రిజ్జు, గిన్నెలు, బట్టలకు 150. మొత్తం 1,235. మూలం ఇచ్చిన 1,500లో మిగిలింది 265. ఆ మిగులును ఖాళీ జాగా అనుకుని ఏసీ, టాపు మీద సామాన్ల క్యారియరు తగిలించేవారున్నారు. శాస్త్రం ఒప్పదు. అనుకున్న బరువుకీ కాటా మీద తేలే బరువుకీ ఎప్పుడూ తేడా ఉంటుంది, పైగా ఆ తేడా ఎప్పుడూ ఎక్కువ వైపే. రేకు బదులు ఫైబరు వేస్తే కొంత కలిసొస్తుంది గాని నీళ్లూ మనుషులూ ఫైబరుతో తయారు కారు.

ఆక్షేపం. ‘ఆయ్, అంబాజీపేట నించి బొలేరో మీద కొబ్బరికాయలు ఎంతెంత లోడు వెళ్తున్నాయో చూడలేదాండీ? ఆ బండికి ఈ డబ్బా ఒక లెక్కా?’ ఇది బలమైన పూర్వపక్షం, ప్రత్యక్ష ప్రమాణం మీద నిలబడింది, తోసెయ్యడానికి వీల్లేదు. సమాధానం ఏమిటంటే, మీమాంసకులు కర్మల్ని నిత్యం, నైమిత్తికం అని విడదీసినట్టే ఇక్కడ భారాన్నీ విడదీయాలి. కాయల లోడు నైమిత్తికం. పొద్దున ఎక్కుతుంది, సాయంత్రానికి దిగిపోతుంది, కమాను పట్టీలు రాత్రి నడుము చాచుకుంటాయి. పెట్టిల్లు నిత్యం. ప్రయాణం సాగినన్నాళ్లూ, బండి ఆగి ఉన్నప్పుడు కూడా, పట్టీలూ టైర్లూ దాన్ని మోస్తూనే ఉంటాయి. పైగా కాయలు తొట్టిలో అడుగుకు పట్టి కూర్చుంటాయి. పెట్టె నిలబడుతుంది, దాని బరువులో కొంత భాగం డ్రైవరు తలకన్నా ఎత్తున ఉంటుంది. ఓడలరేవు, అంతర్వేది వైపు సముద్రపు గాలి అడ్డంగా కొట్టేటప్పుడు ఆ తేడా స్టీరింగులో తెలుస్తుంది. ఇక అధిక లోడు సంగతి. చట్టంలో 194వ సెక్షను 20 వేల రూపాయల జరిమానాతో మొదలై, పైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు కలుపుకుంటూ పోతుంది. నలుగురూ చేస్తున్నారన్నది ఆచారమవుతుందేమో గాని ప్రమాణం కాదు.

ఈ నిత్య నైమిత్తిక విభాగానికి మన రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2021 జనవరి 21న ఇంటింటి రేషను కోసం ప్రభుత్వం 9,260 బండ్లను రోడ్డెక్కించింది. వాటిలో 6,413 టాటా ఏస్‌లు. చిన్న బండి మీద పెట్టె బిగించి, అందులో కాటా పెట్టి వీధుల్లో తిప్పారు. 2025 జూన్ నుంచి అవి రేషను పని మానేశాయి. ‘ఆ పెట్టెలో ఒక మంచం వేసేస్తే పోలేదా’ అన్న ఊహ సహజంగానే వస్తుంది. ఏస్ 2005లో వచ్చినప్పటి నుంచి దాని పేరు ముప్పాతిక టన్ను బండే, అంటే 750 కిలోలు. రేషను పనికి అది అతికింది, ఎందుకంటే బియ్యం ప్రతి గుమ్మం దగ్గరా తరిగిపోయే భారం. మన పెట్టిల్లు మనుషులెక్కకముందే 825 చేరిందని పైన చూశాం. పడకా, చిన్న పొయ్యీ, ఇద్దరు మనుషులూ, ఇరవై లీటర్ల నీళ్ల టిన్నూ అనుకుంటే ఏస్ ఉత్తమమైన బండి. స్నానాలగది అన్న మాట నోట వచ్చిన క్షణాన అది తప్పుకుంటుంది.

మరో ఆక్షేపం. ‘వెనక రెండు పట్టీలు ఎక్స్‌ట్రా వేయిస్తే సరి.’ పట్టీ వేస్తే బండి వెనక కుంగదు, అంతవరకు నిజమే. కాని ఇరుసు అదే, బ్రేకులు అవే, ఆర్.సి.లో అంకె అదే. కుంగడం బండి మనతో మాట్లాడే ఏకైక భాష. పట్టీ ఆ నోరు నొక్కుతుంది తప్ప భారం దించదు.

ఇక పెద్ద ఇంజను, నాలుగు చక్రాల డ్రైవు వాదం. కొండ దేశాల్లో దీనికి విలువుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు అల్లుకున్న ఈ డెల్టాలో ఎక్కాల్సిన ఎత్తు వంతెన అప్రోచ్ ఒక్కటే. ఇక్కడి కష్టం బలహీనమైన అంచుల్లో ఉంది. కాలువగట్టు రోడ్డు మీద ఎదురుగా బస్సొస్తే ఎడమ చక్రాలు మట్టిలోకి దిగాలి, ఆ పక్కన బోదె ఉంటుంది. వాన కురిసిన ఒండ్రు మీద పెద్ద ఇంజను అదనపు బరువుగానే పనికొస్తుంది. పైన కొబ్బరిమట్టలు, పక్కన ఇళ్ల అరుగులు. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లే పంటు ఎక్కాలన్నా పొట్టిగా, సన్నగా ఉన్న బండే మర్యాదస్తుడు. రావులపాలెం నుంచి హైవే మీదా, దిండి వంతెన దాటే 216 నంబరు రోడ్డు మీదా మాత్రమే తిరిగేవారికి ఈ పేరా అక్కర్లేదు. కాని హైవే మీదే తిరిగేటట్టయితే లాడ్జీలుండగా పెట్టిల్లెందుకు?

విశేషాంశం. వాక్యార్థం తెలియాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ కావాలని శాస్త్రకారులు అన్నారు. పెట్టెకు బండి కావాలన్నది ఆకాంక్ష, అది ఎవరికైనా ఉంటుంది. బరువు సరిపోవడం యోగ్యత, దాన్ని ఇప్పటిదాకా చెప్పుకున్నాం. సన్నిధిని అందరూ వదిలేస్తారు. పెట్టె బరువు కేంద్రం వెనక ఇరుసుకు కాస్త ముందుగా పడాలి. వెనక్కి పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. వెనక ఇరుసు దాటి వేలాడే భాగం చక్రాల మధ్య దూరంలో 60 శాతం మించకూడదన్న నిబంధన వెనక ఉన్న ఇంగితం కూడా ఇదే. కాబట్టి నీటి ట్యాంకు క్యాబిను వైపు, బ్యాటరీ నేల మీద, వెనక తలుపు దగ్గర దుప్పట్లు. దీనికి కలిసొచ్చేది తొమ్మిదడుగుల తొట్టి ఉన్న ఒంటి క్యాబిను పికప్పు. కాని సరుకు బండి వెనక మనుషుల్ని కూర్చోబెట్టి తోలకూడదు కనుక నలుగురున్న కుటుంబానికి రెండు వరుసల క్యాబినే గతి. అప్పుడు తొట్టి పొట్టిదవుతుంది, పెట్టె చిన్నదవుతుంది, పైన వేసిన లెక్కంతా మళ్లీ వేసుకోవాలి. మహీంద్రావారు అటువంటి రెండు వరుసల బండికే క్యాంపర్ అని పేరు పెట్టారు, తొట్టిలో పడుకునే వీలు మాత్రం పెట్టలేదు. ఇక పెట్టెను చాసిస్‌కు వెల్డింగు చేస్తే అది సరుకు కాదు, బండి ఆకారాన్నే మార్చడం. 52వ సెక్షను దానికి అడ్డం వస్తుంది. ఎత్తి దించే పెట్టె విషయంలో కూడా వర్క్‌షాపుకు వెళ్లేముందు రవాణా కార్యాలయంలో అడగడం మంచిది.

తాత్పర్యం. ఇద్దరికి, తక్కువ నీళ్లతో, అయితే ఏస్. ఇద్దరికి, వంటా స్నానంతో, అయితే టన్నున్నర మోసే ఒంటి క్యాబిను పికప్పు. నలుగురికి, అన్నీ కావాలంటే, పెట్టిల్లు ఆశ వదులుకుని దిండిలో హౌస్‌బోటు మాట్లాడుకోవచ్చు. షోరూముకు వెళ్లేముందు పెట్టెలో పెట్టదలచిన ప్రతి వస్తువూ కాగితం మీద రాసి, పక్కన కిలోలు వేసి, కూడండి. పెట్టె ఎక్కించాక కాటా దగ్గర ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా తూయించండి. చీటీలో అంకె శాసనం దాటితే నీళ్లు పారబోయండి, ఇంకా దాటితే చుట్టాల్ని దించెయ్యండి.